ఆనకట్ట ఎవరి లెక్క ప్రకారం కట్టారు?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. మీ తాతగారు గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పటానికి దండ వేసేవారు, మీ లెక్చరర్ మాత్రం బ్రిటిష్‌వాళ్ళు మనల్ని దోచేశారంటున్నారు, ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఒకే సర్కారు కింద ఉన్న కృష్ణా గోదావరి డెల్టాలు పచ్చబడితే రాయలసీమ ఎందుకు ఎండిపోయింది? అసలు వాళ్ళు రాకముందు మనం అంత సంపన్నులమా?

ముందు నా సంగతి చెప్పాలి. నేను ప్రొఫెసర్ని కాను. రెవెన్యూ శాఖలో చేరి, సర్వే, సెటిల్‌మెంట్, అంటే భూమి కొలిచి శిస్తు కట్టే పని వైపు ఎక్కువ కాలం పనిచేసి, రిటైరయ్యాక పాత జిల్లా మాన్యువళ్ళు ముందేసుకుని కూర్చున్నవాణ్ణి. కాబట్టి నా చూపంతా శిస్తు వైపు నుంచే ఉంటుంది. అది లోపమే అనుకోండి. కానీ ఈస్టిండియా కంపెనీ దొరల చూపు కూడా అటే ఉండేది గనక, వాళ్ళు ఏ పని ఎందుకు చేశారో పట్టుకోడానికి నాకు ఆ అలవాటు బాగా పనికొచ్చింది. హైదరాబాద్ సంస్థానం కథ వేరు, దాన్ని ఇందులో కలపను. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, సీమ వరకే మాట్లాడతాను.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని రెండు వైపులవాళ్ళూ సాగదీస్తారు. బందరు రేవుకి డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. అమ్మడానికి వాళ్ళ దగ్గర మనకి నచ్చే సరుకు పెద్దగా లేదు. వెండి, బంగారం తెచ్చి బట్ట కొనుక్కుపోయేవారు. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళు నాణెం కన్నా మన అద్దకపు బట్టే ఇష్టంగా తీసుకునేవారు. ఇంగ్లండులో ఈ అద్దకాల మోజు ఎంత పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళు గోల చేసి 1701లో ఒకసారి, 1721లో ఇంకోసారి చట్టాలు చేయించి ఆపించుకున్నారు. అలాగని మన నేతగాడు బంగారు కంచంలో తిన్నాడని కాదు. కరువులు అప్పుడూ ఉన్నాయి, గోల్కొండ నవాబు దగ్గర శిస్తు వసూలు గుత్తకి తీసుకున్న ఇజారాదార్లు కూడా పిండేవాళ్ళే. తేడా ఒక్కటే: బయటి దేశం వెండి ఇక్కడికి వచ్చేది.

కంపెనీ ఖాతాల్లో ఈ బట్టని పుంజాల లెక్కన రాసేవాళ్ళు. పుంజం అంటే 120 పడుగు పోగులు. ఎన్ని పుంజాలైతే బట్ట అంత చిక్కన, ధర అంత ఎక్కువ. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో, యానాం పక్కన ఇంజరంలో, బందరులో, విశాఖపట్నంలో కంపెనీ ఫ్యాక్టరీలుండేవి. ఫ్యాక్టరీ అనగానే పొగగొట్టాలు ఊహించుకోకండి. ఒక గోడౌను, బట్టని విప్పి పోగులు లెక్కపెట్టి రకాలు కట్టే సావిడి, దొరగారి బంగళా, అంతే. మాధవాయపాలెం పేరు వాళ్ళ నోట్లో పడి మాడపోలం అయింది. ఆ పేరుతో ఒక రకం సన్నటి నూలు బట్ట ఈ రోజుకీ యూరపు కొట్లలో దొరుకుతుంది. ఆ బట్ట కొనేవాళ్ళకి అది గోదావరి ఒడ్డున ఒక పల్లె పేరని తెలియదు, మన పిల్లలకీ తెలియదు.

ఇంగ్లీషువాడు ఇంకా వర్తకుడిగానే ఉన్న రోజుల్లో నేతగాడి చేతిలో ఒక బలం ఉండేది. ఫ్రెంచివాడు, డచ్చివాడు, ఇంగ్లీషువాడు, ఊళ్ళో కోమటి, నలుగురూ అతని గుమ్మంలోకి వచ్చేవారు. ఒకడి బయానా నచ్చకపోతే డబ్బు తిరిగిచ్చేసి ఇంకొకడికి నేసేవాడు. కంపెనీ సర్కారైపోయాక ఈ వెసులుబాటు పోయింది. కంపెనీ బయానా పుచ్చుకున్నవాడు ఇంకొకరికి నేయకూడదు, మగ్గం దగ్గర బంట్రోతు కాపలా, గడువు దాటితే ఆ బంట్రోతు బత్తా కూడా నేతగాడే పెట్టుకోవాలి. బట్ట నాసిగా ఉందని తోసేస్తే నష్టం అతనిదే. నేతగాళ్ళు ఊళ్ళు వదిలిపోయారనీ, గుంపులుగా వెళ్ళి కలెక్టర్లకి మొరపెట్టుకున్నారనీ కంపెనీ కాగితాల్లోనే ఉంది.

కంపెనీ సర్కారు ఎలా అయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం అక్కడుంది. 1759లో ఫ్రెంచివాళ్ళ నుంచి బందరు పట్టుకున్నారు. 1765లో మొగలు పాదుషా దగ్గర ఫర్మానా రాయించుకున్నారు. మరుసటి ఏడు నిజాం అలీతో ఒప్పందం: శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లకి, అంటే అప్పటి జిల్లాలకి, ఏటా 9 లక్షల రూపాయలు కడతామని. ఇందులో గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు కావడంతో 1788లో గానీ చేతికి రాలేదు. 1823లో ఒక్కసారిగా ఏకమొత్తం ఇచ్చేసి ఏటా కట్టే ఆ బాకీ కూడా తెంపేసుకున్నారు.

ఆ కిస్తీ సొమ్ము ఎక్కణ్ణుంచి కట్టారు? ఈ సర్కార్ల శిస్తులోంచే. అక్కడితో ఆగలేదు. ఇంతకుముందు బట్ట కొనడానికి లండను నుంచి వెండి ఓడల్లో రావాలి. ఇప్పుడు రానక్కర్లేదు. రైతు కట్టిన శిస్తులోంచే కొంత తీసి నేతగాడికి బయానా ఇస్తారు. మన రైతు డబ్బుతో మన నేతగాడి బట్ట కొని ఓడెక్కిస్తారు, అమ్మిన డబ్బు లండనులో ఉండిపోతుంది. దోపిడీ అంటే చాలామంది కోహినూరు గురించి చెప్తారు. నాకైతే ఈ లెక్క దానికన్నా భయంకరంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో ఎవరూ ఏదీ దొంగిలించినట్టు కనపడదు. ప్రతి రూపాయికీ రసీదు ఉంది.

తర్వాత ఇంగ్లండులో లాంకషైర్ బట్టల మిల్లులొచ్చాయి. కంపెనీకి మన బట్టతో పని తీరిపోయింది. 1820ల చివరికొచ్చేసరికి మాధవాయపాలెం, ఇంజరం ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1833 చార్టర్‌తో కంపెనీ వ్యాపారమే మానేసింది. అయినా మగ్గం మీద మొహతర్ఫా పన్ను మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగింది. బేరం పోయాక కూడా పన్ను పోలేదన్నమాట. అయితే ఇక్కడ ఒక మాట సరిచేయాలి. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయని పాఠాల్లో చెప్తారు, అది నిజం కాదు. నేతగాడు మిల్లు నూలు కొని నేస్తూ బతికాడు. చీరాల చుట్టుపక్కల నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్ళాయి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా వెళ్ళాయి. పూర్తిగా మునిగిపోయింది రాట్నం. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు తీరిక వేళల్లో నూలు వడికి తెచ్చుకునే ఆ నాలుగు డబ్బులు పోయాయి. వాళ్ళకి పట్టా లేదు, కిస్తీ లేదు, కాబట్టి ఏ రికార్డులోనూ వాళ్ళు లేరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో మాత్రం వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి చేత్తో సన్న నూలు తీసే పని మిగిలింది. ఒకసారి వీలైతే వెళ్ళి చూడండి. ఆ ఎముక పళ్ళ మధ్య నుంచి పత్తి పోగులు పోగులుగా విడిపోతుంటే, మొత్తం కోస్తాలో ఇలాంటి చేతులు ఎన్నుండేవో అని గుండె కలుక్కుమంటుంది.

ఇక భూమి. 1802లో కోస్తా సర్కార్లలో పర్మనెంట్ సెటిల్‌మెంట్ తెచ్చారు. బెంగాల్లో పెట్టిన పద్ధతినే ఇక్కడ దింపారు. రైతు దగ్గర జమీందారు వసూలు చేసుకునే దాంట్లో సుమారు మూడింట రెండొంతులు కంపెనీకి కట్టాల్సిన పేష్కష్, అదీ ఎప్పటికీ మారని అంకె. జమీందారు లేని హవేలీ భూముల్ని ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. పట్నంలో డబ్బున్నవాడు, దుబాసీ పని చేసినవాడు పాటలో పాడుకుని రాత్రికి రాత్రి జమీందారైపోయాడు. పంట పండినా ఎండినా అంకె మారదు, కిస్తీ రోజుకి సొమ్ము కట్టకపోతే ఎస్టేటు మళ్ళీ వేలానికి వస్తుంది. అలాంటివాడు చెరువు పూడిక తీయిస్తాడా? వచ్చే ఏడు తను ఉంటాడో లేడో అతనికే తెలియదు. చెరువులు, కాలవలు పూడిపోవడం అక్కడ మొదలైంది. అంతకుముందు పాలెగాళ్ళూ, రాజులూ గొప్ప ధర్మాత్ములని కాదు, చెరువు నిండితే వాళ్ళకే లాభం గనక చూసుకునేవాళ్ళు.

దీని ఫలితం 1832-33లో కనపడింది. నందన నామ సంవత్సరం కాబట్టి పాతవాళ్ళు నందన కరువనేవారు. గుంటూరు జిల్లా జనాభా అప్పటికి సుమారు 5 లక్షలు. అందులో ఒకటిన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్క. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు దాకా. మద్రాసు వెళ్ళే దారి పొడుగునా శవాలు. వాసిరెడ్డివారి ఎస్టేటు లాంటి పెద్ద పెద్ద జమీలు వారసత్వ దావాలతో, బాకీలతో అప్పటికే చితికి ఉన్నాయి. కరువు తర్వాత అవి ఒక్కొక్కటీ సర్కారు చేతికి వచ్చేశాయి. 1846లో వాల్టర్ ఇలియట్ గుంటూరు మీద రాసిన నివేదికలో ఈ కుప్పకూలడం అంతా ఉంది.

రాజమండ్రి జిల్లా పరిస్థితీ అంతే. 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. గోదావరి నిండుగా పారుతూ సముద్రంలో కలుస్తోంది, ఒడ్డున జనం తిండి లేక చస్తున్నారు. ఇదీ సర్కారుని కదిలించిన విషయం, అయితే ఏ భాగం కదిలించిందో చూడండి. జనం తగ్గితే శిస్తు తగ్గుతుంది. శిస్తు ఎందుకు పడిపోతోందో తేల్చమని హెన్రీ మాంట్‌గోమరీని పంపారు. ఆయన 1844లో ఇచ్చిన నివేదికలో కావేరి డెల్టాలో చేసినట్టు గోదావరికీ చేయండి అన్నాడు. కావేరి మీద అప్పటికే కొల్లడం ఆనకట్టలు 1836లో కట్టి చూపించినవాడు ఆర్థర్ కాటన్. ఆయన్ని పిలిచారు.

కాటన్ మీద నాకు గౌరవం ఉంది, దాచుకోను. 1847లో పని మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. మందు లేని చోట, జ్వరాల మధ్య, వట్టి ఇసుక మీద పునాది వేసి. ఇసుక మీద పునాది వేసే కిటుకు కావేరి మీద ఎప్పుడో కట్టిన పాత కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నామని ఒప్పుకున్నవాడు కూడా. ఆయన కింద వీణెం వీరన్న అనే మనవాడు పని నడిపించాడు, ఆయన్నీ తలుచుకోవాలి. వెంటనే బెజవాడలో చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో కృష్ణ ఆనకట్ట 1855కి పూర్తయింది. కానీ కాటన్ మద్రాసుకి, లండనుకి రాసిన ఉత్తరాల్లో ఏ భాష వాడాడు? జాలి గురించి కొంచెం, లాభం శాతం గురించి చాలా. ఇంత ఖర్చు పెడితే శిస్తు ఇంత పెరుగుతుంది, పెట్టుబడి ఇన్నేళ్ళలో తిరిగొస్తుంది అని. ఆయనకి తెలుసు, ఎదుటివాడికి ఆ ఒక్క భాషే అర్థమవుతుందని. రైళ్ళకి పోసే డబ్బులో కాస్త కాలవలకి పోయండని జీవితాంతం పోట్లాడాడు. 1878లో ముసలితనంలో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి అడ్డమైన ప్రశ్నలకీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి మీ తాతగారి దండ తప్పేం కాదు. అది ఆ మనిషికి వేసిన దండ. అనుమతి ఇచ్చిన సర్కారుకి మాత్రం అది ఒక పెట్టుబడి, చాలా మంచి పెట్టుబడి.

ఆ పెట్టుబడి ఎలా వసూలైందో ఇప్పటికీ మీ ఊళ్ళోనే చూడొచ్చు. రీ-సెటిల్‌మెంట్ రిజిస్టర్, మేం ఆర్.ఎస్.ఆర్. అంటాం, పాతవాళ్ళు డైగ్లాట్ అని కూడా అనేవారు. అట్టలు ఊడిపోయి, వేలితో ముట్టుకుంటే చిట్లిపోయే కాగితాలు. పేజీకి అడ్డంగా గళ్ళు. సర్వే నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా పల్లమా, నీటి వనరు ఏది, ఒక పంటా రెండు పంటలా, మట్టి వర్గం, తరం, ఎకరా రేటు, విస్తీర్ణం, శిస్తు, చివర పట్టాదారు పేరు. తరం అనే మాట దగ్గర ఆగండి. రేగడా, ఎర్ర నేలా, ఇసుకా, అందులో మంచిదా మధ్యరకమా చెడ్డదా అని చూసి, ఒక్కో మడికి ఒక్కో తరం కట్టి, దాన్ని బట్టి ఎకరానికి రూపాయలు అణాలు పైసలు నిర్ణయించారు. ఒక ఎకరం మట్టిని అంత శ్రద్ధగా చూసిన ప్రభుత్వం మన చరిత్రలో ఇంకోటి లేదు. ఆ శ్రద్ధంతా ఎందుకో చివరి నుంచి రెండో గడిలో ఉంటుంది. పట్టాదారు పేరు దొరకని చోట చుక్కలు పెట్టేశారు. ఆ చుక్కలే తర్వాత చుక్కల భూములయ్యాయి. వందేళ్ళ తర్వాత మన రైతులు రిజిస్ట్రేషన్ జరగక తిరిగి తిరిగి చెప్పులరగదీసుకుంటే, 2017లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. నా సర్వీసులో చివరి ఏళ్ళు సగం ఆ చుక్కలకే పోయాయి.

కాలవలొచ్చాక డెల్టా మారిపోయింది, అందులో సందేహం లేదు. మెట్ట పల్లమైంది, వరి నిలకడగా పండింది, పడవల మీద ధాన్యం కాకినాడ రేవుకి పోయింది. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనలొచ్చాక మద్రాసు కలకత్తాలు కలిశాయి. బందరు మాత్రం అప్పటికే చచ్చిపోయింది. 1864 నవంబరు ఉప్పెనలో చుట్టుపక్కల పల్లెలతో కలిపి సుమారు 30 వేల మంది పోయారు, ఆ ఊరు మళ్ళీ లేవలేదు. కానీ పల్లపు భూమి ఉన్నవాడికే ఆ నీరు. పాలేరుకి, కూలీకి పని రోజులు పెరిగాయి గానీ భూమి రాలేదు. విశాఖ, శ్రీకాకుళం వైపు జమీందారీ మెట్టల్లోంచి జనం కాకినాడలో ఓడెక్కి రంగూను పోయారు. బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచేది కోరింగ రేవు పేరు మీదే. రంగూను రేవులో బస్తాలు మోసింది, మిల్లుల్లో వడ్లు ఆడించింది ఎక్కువగా మనవాళ్ళే. 1930లో అక్కడ గొడవలు రేవు కూలీల మధ్యే మొదలయ్యాయి. జపాను బాంబులు పడ్డాక 1942లో ఎంతోమంది నడిచి ఇల్లు చేరారు, చేరనివాళ్ళూ ఉన్నారు. ఇటు మారిషస్, నటాల్, మలయా సంగతి ఎత్తితే ఇంకో జవాబు రాయాలి, వదిలేస్తున్నాను.

ఇప్పుడు సీమ. 1800లో నిజాం తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు రాసిచ్చాడు. అందుకే వాటి పేరు దత్తమండలం. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా ఉన్నాడు. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో గానీ స్థిరపడలేదు. దత్తమండలానికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో. పాలెగాళ్ళని అణిచి, ఊరూరూ కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుకే నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పెట్టాడు. జనం ఆయన్ని ఇష్టపడ్డారు, పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు, తిరుమలలో మన్రో గంగాళం ఈ రోజుకీ ఉంది. అయినా లెక్క చూడండి. ఏడేళ్ళలో శిస్తు సుమారు సగం మేర పెరిగింది. రేటు పంటలో దాదాపు 45 శాతం. ఇది రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండని 1807లో వెళ్ళిపోతూ మన్రోయే రాశాడు. పైవాళ్ళు వినలేదు. బదులుగా ఊళ్ళకి ఊళ్ళని గుత్తకిచ్చారు. గుత్తదార్లు దివాలా తీశారు. చివరికి ఆయన గవర్నరై తిరిగొచ్చాక, 1820ల్లో గానీ రైత్వారీ, తగ్గింపు రాలేదు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడాయన.

వానాధారం నేల మీద డబ్బు రూపంలో కిస్తీ కట్టడమంటే ఏంటో ఒక్క క్షణం ఆలోచించండి. పూర్వం పంటలో వాటా అంటే, పంట లేని ఏడు వాటా కూడా లేనట్టే. డబ్బు అలా కాదు. జొన్న ధర పడిపోయిన నెలలోనే కిస్తీ గడువొస్తుంది. అందుకని రైతు కోమటి దగ్గరో, పెద్ద రెడ్డి దగ్గరో అప్పు చేస్తాడు. మాఫీ కావాలంటే కరణం పంట అంచనా రాయాలి, తహసీల్దారు ఏటా శిస్తు లెక్క తేల్చే జమాబందీలో ఒప్పుకోవాలి. ఆ లోపు ఎద్దులు అమ్ముడైపోతాయి.

డెల్టాలో పండిన లెక్క సీమలో ఎందుకు పండలేదో కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలవ, చెప్తుంది. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని లండనులో ఒక ప్రైవేటు కంపెనీ పెట్టారు. 10 లక్షల పౌండ్ల మూలధనం, దానిమీద 5 శాతం వడ్డీ వస్తుందని సర్కారు హామీ. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుకి వడ్డీ మన ఖజానాలోంచి. ఇలాంటి హామీ ఉంటే ఎవడికి తొందర? సుంకేసుల దగ్గర తుంగభద్రకి అడ్డుకట్ట వేసి, కర్నూలు నుంచి కడప దాకా కాలవ తవ్వారు. ఖర్చు అంచనాలు దాటింది. తీరా నీళ్ళొచ్చాక రైతులు తీసుకోలేదు. దొరలు దీన్ని సోమరితనం అని రాశారు, చదివితే కోపమొస్తుంది. నల్లరేగడిలో జొన్న, పత్తి నీళ్ళు పెట్టకుండానే పండుతాయి. మడి కట్టి చదును చేయాలంటే పెట్టుబడి కావాలి, నీటి తీరువా ఎక్కువ, మంచి వాన పడితే ఆ డబ్బు దండగ. రైతు వేసుకున్న లెక్క సరైనదే. చివరికి 1882లో ఆ కంపెనీని సర్కారు కొనేసి వాటాదార్లకి డబ్బు చేతిలో పెట్టింది. నష్టం ఖజానాది, అంటే మళ్ళీ శిస్తుది.

ఈలోపు 1876 వచ్చింది. ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు, బళ్ళారి ఐదో వంతు తగ్గింది. చాలామంది ధాన్యం లేక పోయారనుకుంటారు. రైలు అప్పటికే కడప, గుంతకల్ మీదుగా రాయచూరు దాకా ఉంది, ధాన్యం వచ్చింది. కొనడానికి డబ్బు లేదు, అదీ సంగతి. ఎద్దు లేదు, పని లేదు, మగ్గం లేదు. 1877 మొదట్లో కరువు ఖర్చు చూడమని పై సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి, సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకి ఒక పౌను బియ్యం, అంటే 450 గ్రాములు, పైన అరణా చాలన్నాడు. ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. అదే చలికాలంలో వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా పేరున దర్బారు చేశాడు. ఆంధ్ర తీరం నుంచి మద్రాసు దాటి పోయే బకింగ్‌హాం కాలవలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్విందే.

ఆ తర్వాత సర్కారు నీటి పనుల్ని రెండు రకాలుగా విడదీసింది. లాభం తెచ్చేవి, రక్షణకి కట్టేవి. మొదటి రకానికి అప్పు తెచ్చయినా కడతారు. రెండోదానికి కరువు నిధిలోంచి చిటికెడు. గోదావరి, కృష్ణ మొదటి గడిలో, సీమ రెండో గడిలో పడ్డాయి. కె.సి. కెనాల్ నష్టాన్ని ఉదాహరణగా చూపించి దశాబ్దాలు నెట్టుకొచ్చారు. తుంగభద్ర మీద పెద్ద జలాశయం ఆలోచన కాటన్ కాలం నుంచీ ఉంది. పని 1945లో గానీ మొదలుకాలేదు, నీళ్ళు 1953లో వచ్చాయి. మధ్యలో 1937 నవంబరులో కోస్తా నాయకులతో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో సీమ నాయకులు నీటిలో మొదటి వాటా మాకే అని రాయించుకున్నారు. అప్పటికే కోస్తాని నమ్మలేని స్థితి. అది అక్కడివాళ్ళ అసూయ కాదు, ఒకే లెడ్జరులో రెండు వేర్వేరు పేజీల్లో ఎనభై ఏళ్ళు బతకడం వల్ల వచ్చిన అనుమానం.

డెల్టా డబ్బు ఎటు పోయిందని మీరడగలేదు గానీ చెప్పేస్తాను. వడ్డీ వ్యాపారానికి, రైసు మిల్లులకి, పిల్లల చదువులకి. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. గుంటూరు వైపు పొగాకు వచ్చింది. పెద్ద కర్మాగారాలు మాత్రం రాలేదు. దిగుమతి సరుకు మీద సుంకం పెట్టే అధికారం మన చేతిలో లేదు. విశాఖ రేవు తెరిచిందే 1933లో. అప్పటికి మాంద్యం వచ్చి వడ్ల ధర సగానికి పడింది, సరిగ్గా అదే సమయంలో కృష్ణా గోదావరి జిల్లాల్లో రీ-సెటిల్‌మెంట్ పేరుతో శిస్తు 18.75 శాతం, అంటే రూపాయికి మూడణాలు పెంచబోయారు. రైతు సంఘాలు ఊరేగింపులు తీసింది అప్పుడే. నీళ్ళిచ్చిన సర్కారు మీద డెల్టా రైతే తిరగబడ్డాడేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ మూడణాల సంగతి మర్చిపోతారు.

మీ తాతగారిదీ, లెక్చరర్‌దీ రెండూ నిజాలే, వేర్వేరు గళ్ళలో ఉన్నాయంతే. మీరు డెల్టావారంటున్నారు గనక ఒక పని చేయండి. మీ మండల ఆఫీసులో సర్టిఫైడ్ నకలుకి దరఖాస్తు పెట్టి, మీ తాతగారి పొలం ఆర్.ఎస్.ఆర్. పేజీ తీయించుకోండి. నీటి వనరు గడిలో గోదావరి కాలవ అని ఉంటుంది, దాని పక్కన ఎకరా రేటు చూడండి. తర్వాత కర్నూలు వైపు మీ స్నేహితుడెవరైనా ఉంటే వాళ్ళ ఊరి పేజీ కూడా తెప్పించండి. చాలా పేజీల్లో ఆ నీటి గడి ఖాళీగా ఉంటుంది. శిస్తు గడి మాత్రం ఖాళీగా ఉండదు.